పెద్ద మాత్రికలను అచ్చునకు కూర్చు విధము

సంఖ్యలను అడ్డువరుసలలోను నిలువు వరుసలలోను అమర్చిన పట్టికను గణితశాస్త్రమున మాత్రిక అందురు. 1850లో సిల్వెస్టర్ దీనికి ‘మ్యాట్రిక్స్’ అని పేరిడగా, 1858లో కేలీ దాని బీజగణితమును విస్తరించి వ్రాసెను. మూడు వరుసల మాత్రికను ఎవరైనను చేతితో వ్రాయగలరు. పది వరుసలది ఎదురైనపుడే చిక్కు మొదలగును.

నేడు మ్యాక్సిమా, సేజ్, సింపై వంటి బీజగణిత సాఫ్ట్‌వేర్లు పెద్ద మాత్రికల విలోమములను క్షణములలో గణించుచున్నవి. డోనాల్డ్ నూత్ 1977లో ఆరంభించిన టెక్ అను అచ్చుకూర్పు వ్యవస్థకును, దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లాటెక్‌కును సరిపడు రూపమున ఫలితమును అందించుచున్నవి. అట్లయిన మనము చేయవలసినదేమి? ఒక ఉదాహరణముతో వివరింతుము.

1894లో హిల్బర్ట్ పరిశీలించిన మాత్రిక యొకటి కలదు. అడ్డువరుస సంఖ్యకు నిలువు వరుస సంఖ్యను కలిపి, అందుండి ఒకటి తీసివేసి, వచ్చిన దానితో 1ని భాగించిన అచ్చటి మూలకము లభించును. మొదటి వరుస 1, 1/2, 1/3 అని సాగును. దీని విలోమములో అన్నియు పూర్ణసంఖ్యలే. పది వరుసల విలోమములో మొదటి మూలకము 100 మాత్రమే. ఏడవ వరుసలో ఏడవ మూలకము 3480673996800. పది పాయింట్ల అచ్చులో అంకెకు 5 పాయింట్ల చొప్పున ఈ 13 అంకెలకు 65 పాయింట్లు, వరుసల నడుమ ఎడము 10 పాయింట్లు. లాటెక్ వ్యాసపు పుటలో పంక్తి వెడల్పు 345 పాయింట్లు. అనగా ఇట్టి నిలువు వరుసలు నాలుగే పట్టును. తక్కినవి అంచు దాటిపోవును.

మరియొక అడ్డంకి కలదు. అమెరికన్ గణిత సంఘము వారి లాటెక్ అనుబంధమున మాత్రికకు పది నిలువు వరుసలే హద్దు. పదునొకండవది రాగానే లోపసూచన కనిపించును. ‘మాక్స్ మ్యాట్రిక్స్ కాల్స్’ అను సంఖ్యను పెంచిన ఈ చిక్కు తీరును.

వెడల్పు చిక్కునకు అక్షరములను కుదించుట చివరి ఉపాయముగా ఉండవలెను. చదువరాని అచ్చు వలన ప్రయోజనము లేదు. పుటను అడ్డముగా త్రిప్పవచ్చును. మాత్రికను నాలుగు ఖండములుగా విభజించి, ఒక్కొక్క దానికి పేరిడి వేర్వేరుగా ముద్రింపవచ్చును. మన ఉదాహరణము సౌష్ఠవ మాత్రిక గనుక 100 మూలకములకు బదులు వికర్ణమును, దాని దిగువ భాగమును చేర్చి 55 ముద్రించిన చాలును. పెద్ద సమాసము పలుమార్లు వచ్చినచో దానికొక అక్షరమును సంకేతముగా ఉంచవలెను.

స్థలము కొరకు భిన్నములను దశాంశములుగా కుదించుట మాత్రము ప్రమాదకరము. మూడు వరుసల హిల్బర్ట్ మాత్రిక విలోమములో మొదటి మూలకము 9. భిన్నములను రెండు దశాంశ స్థానములకు సవరించి 0.33, 0.25, 0.20 అని అచ్చువేసిన, దానిని నమ్మి గణించు పాఠకునకు 9 బదులు 55 దాటిన సంఖ్య వచ్చును. గణించినవాని తప్పు లేకయే ఫలితము చెడును.

కనుక విద్యార్థి మిత్రులు తమ నివేదికలలో సంఖ్యలను చేతితో తిరిగి వ్రాయక, సాఫ్ట్‌వేరు ఇచ్చిన పాఠమునే అచ్చునకు చేర్చవలెను. ముద్రిత మాత్రికను మూల మాత్రికతో గుణించి, ఏకాంక మాత్రిక వచ్చుచున్నదో లేదో సరిచూడవలెను. పైన పేర్కొన్న సాఫ్ట్‌వేర్లన్నియు ఉచితముగా లభించునవే. కళాశాల సంఘము వారు వీనిని గణిత విభాగపు కంప్యూటర్లలో నెలకొల్పిన విద్యార్థులకు మేలు చేకూరునని మా మనవి.