మేలుజాతి కుక్కపిల్లను కొనునపుడు

ఎద్దును కొనదలచిన రైతు సంతలో దాని పండ్లు చూచును, సుళ్లు చూచును, నాలుగడుగులు నడిపించి గాని బేరమాడడు. చీపురుపల్లి ప్రాంతము వారికి ఈ నేర్పు ఒకరు చెప్పవలసినది కాదు. కాని మేలుజాతి కుక్కపిల్లను కొనునపుడు కన్ను ఒక్కటే చాలదు. రెండు మాసముల పిల్లలో జాతిలక్షణములు పూర్తిగా తేటపడవు. ఆ వయస్సున సంకరజాతి పిల్లయు అంతే ముద్దుగా నుండును. కావున ఇచట కంటికి తోడు కాగితము కావలెను.

ఆ కాగితములు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. పిల్ల తల్లిదండ్రులెవరు? ఆరోగ్యముగా నున్నదా? అమ్మకము సక్రమమైనదా? ఒక ప్రశ్నకు జవాబైన కాగితము మరియొక దానికి చెల్లదని మొదటనే మనవి చేయుచున్నాము.

మొదటిది వంశావళి పత్రము. మనదేశమున కుక్కల వంశములను నమోదు చేయు ప్రధానసంస్థ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. 1896లో ఏర్పడిన ఈ సంస్థ కార్యాలయము చెన్నైలో కలదు. తల్లియు తండ్రియు అచట నమోదై యున్నచో, పెంపకందారు ఆ కాన్పులోని పిల్లల నమోదుకు దరఖాస్తు చేయును. పిమ్మట ప్రతి పిల్లకును వేరువేరుగా పత్రము లభించును. అందు జాతి, పుట్టిన తేదీ, పూర్వుల పేర్లు, మైక్రోచిప్ సంఖ్య ఉండును. ఈ మైక్రోచిప్ బియ్యపుగింజంత వస్తువు. భుజముల నడుమ చర్మము క్రింద నుంచెదరు. కుక్క ఎచట తిరుగుచున్నదో అది చెప్పదు. చదువు యంత్రమును దగ్గర పెట్టినపుడు పదునైదంకెల సంఖ్యను మాత్రము చూపును. కాగితమును పిల్లతో ముడివేయునది ఆ సంఖ్యయే. అది సరిపోలనిచో, పత్రము నిజమైనదే అయినను వేరొక పిల్లది కావచ్చును.

“పత్రము తరువాత పంపెదము” అను మాట తరచుగా వినబడును. నమోదుకు కొంతకాలము పట్టుట నిజమే. అట్టియెడ దరఖాస్తు నకలును, తల్లిదండ్రుల నమోదు సంఖ్యలను తీసికొని, పత్రము ఎన్నాళ్లలో అందజేయుదురో రశీదుపై వ్రాయించుకొనవలెను. యాజమాన్యపు మార్పు కాగితముపై అమ్మకందారు సంతకమును కొన్ననాడే పొందుట మేలు.

రెండవది టీకాల పుస్తకము. వంశము ఎంత గొప్పదైనను పార్వో వ్యాధిని ఆపజాలదు. అది సోకిన పిల్ల వాంతులతో, నెత్తుటి విరేచనములతో రెండు మూడు దినములలోనే మరణింపవచ్చును. పార్వో, డిస్టెంపర్ వ్యాధుల టీకాలు ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున మొదలై, మూడు నాలుగు వారములకొకమారు, పదునారు వారములు నిండువరకు సాగవలెను. తల్లినుండి సంక్రమించిన రక్షణశక్తి తగ్గువరకు టీకా పూర్తిగా పనిచేయదు; అందువలననే ఇన్నిమారులు వేయుట. రేబిస్ టీకా సాధారణముగా మూడు మాసములు నిండిన పిమ్మట వేయుదురు. కావున నెలన్నర పిల్లకు “టీకాలన్నియు అయినవి” అనినచో నమ్మరాదు. పుస్తకమున టీకాసీసా చీటి, బ్యాచి సంఖ్య, తేదీ, వైద్యుని సంతకము, నులిపురుగుల మందిచ్చిన తేదీలు ఉండవలెను. కొన్న వెంటనే పిల్లను మరియొక వైద్యునికి చూపుట మంచిది. చీపురుపల్లికి చేరువనున్న గరివిడిలోనే పశువైద్య కళాశాల కలదు.

మూడవది అమ్మకపు లెక్క. కుక్కల పెంపకము, అమ్మకములను గూర్చి కేంద్రప్రభుత్వము 2017లో నిబంధనలు చేసినది. వాటి ప్రకారము పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. అమ్ముటకు ముందే మైక్రోచిప్ అమర్చవలెను. పదునెనిమిది మాసములు నిండని ఆడకుక్కను చూలుకు పెట్టరాదు. ఏడాదికి ఒక కాన్పుకు మించరాదు. కొనువారు ఈ లెక్కలడుగుట వట్టి చాదస్తము కాదు. అడుగువారు లేనిచోట తల్లికుక్క బోనులో కాన్పు వెంట కాన్పుగా నలిగిపోవును. కావున తల్లిని కన్నులార చూచిన తరువాతనే సొమ్ము చెల్లింపుడు. రశీదుపై మైక్రోచిప్ సంఖ్య, తేదీ, వెల, అమ్మకందారు చిరునామా వ్రాయించుడు.

కాగితమునకును ఒక హద్దు కలదు. తెలుగు రాజుల కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్న తమిళనాటి రాజపాళయము పేర ఒక వేటకుక్కల జాతి ప్రసిద్ధము. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ల వెలువరించినది. తెల్లని మేనిగల ఈ జాతిలో పుట్టుచెవుడు కనబడుచుండును. వంశావళి పత్రమున ఆ సంగతి ఉండదు. పిల్ల చూడకుండ వెనుకనుండి చప్పుడు చేసి పరీక్షింపవలెను. తల్లిదండ్రుల వినికిడిని గూర్చి అడుగవలెను. ఇతర జాతులలోను వంశపారంపర్య రోగములున్నవి. వాటిని వైద్యుని అడిగి తెలిసికొన్న పిదపనే బేరమునకు పోవుట ఉచితము.

కాగితములు లేని కుక్క తక్కువదని మా అభిప్రాయము కాదు. వీథిలో దొరికిన పిల్లయైనను టీకాలు వేయించి, తిండిపెట్టి పెంచినచో ఇంటిని కనిపెట్టుకొని యుండును. కాగితములు లేని పిల్లకు కాగితములున్న పిల్ల వెల చెల్లింపవలదనుటయే మా మనవి.