ఇరవైనాలుగు గంటల బండి

నిజం చెప్పొద్దూ, తలుపుల నుంచి కదిరికి బస్సులో పోయేటప్పుడు డ్రైవరు ముందున్న లారీని దాటిస్తుంటేనే నేను కళ్లు మూసుకుంటాను. అలాంటి నేను రేసు డ్రైవరు గురించి రాస్తున్నానంటే మా వారు నవ్వుతున్నారు. నవ్వనీండి!

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో మా చెల్లెలింటికి వెళ్లాను. హుస్సేన్‌సాగర్ పక్క రోడ్లన్నీ మూసేశారు. ఆటో ఊరంతా చుట్టి తిప్పింది. "కార్ల పందెమమ్మా" అన్నాడు ఆటో అబ్బాయి. పనీపాటా లేని పందెమని తిట్టుకున్నాను. 11వ తేదీ శనివారం మా అబ్బాయి టీవీ పెడితే, పకోడీల పళ్లెం పట్టుకుని నేనూ కూర్చున్నాను. అన్నీ కరెంటుతో నడిచే కార్లు. ఫార్ములా ఈ అంటారట. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచి అబ్బాయి. చివరి చుట్లలో బ్యాటరీలో ఛార్జి తక్కువగా ఉన్నా, వెనకే తరుముకొస్తున్న క్యాసిడీని ముందుకు రానివ్వలేదు. నెలాఖరులో గ్యాసు సిలిండరును పొదుపుగా నెట్టుకొచ్చే నేర్పు ఎటువంటిదో మనకు తెలియనిదా! అక్కడే నాకు ఆ అబ్బాయి మీద గురి కుదిరింది.

వెర్న్ పుట్టింది 1990లో, పారిస్ దగ్గరి పొంత్వాజ్‌లో. పసితనంలోనే చిన్న కార్ట్ బండి ఎక్కాడు. 2010లో బ్రిటిష్ ఫార్ములా త్రీ ఛాంపియన్ అయ్యాడు. 2012 నుంచి 2014 దాకా ఫార్ములా వన్‌లో టోరో రోసో జట్టుకు 58 రేసులు నడిపాడు. ఎంత చేసినా ఆరో స్థానం దాటలేదు.

ఇక్కడ మన ఆడపిల్లలు వినాల్సిన మాటొకటుంది. వెర్న్ పొడగరి. కారు తేలిగ్గా ఉండాలని అప్పట్లో పొడుగ్గా ఉన్న డ్రైవర్లు కొందరు కడుపు మాడ్చుకునేవారు. 2014లో ఆస్ట్రేలియా రేసు తర్వాత తాను నీరసించి ఆసుపత్రి పాలయ్యానని ఆయనే చెప్పుకున్నాడు. 2019లో డ్రైవరు, సీటు కలిపి కనీసం 80 కిలోలు లెక్కగట్టాలని నిబంధన తెచ్చాకే ఆ బాధ తగ్గింది. సన్నబడాలని అన్నం మానేసే పిల్లలకు ఈ కథ చెప్పండి.

ఫార్ములా వన్ సీటు పోయాక ఏడుస్తూ కూర్చోలేదు. కరెంటు కార్ల వైపు తిరిగి 2017-18లో, మళ్లీ 2018-19లో ఛాంపియన్ అయ్యాడు. ఆ పోటీలో రెండుసార్లు గెలిచిన మొదటివాడు ఇతనే.

వీటన్నిటికన్నా నా మనసుకు పట్టింది ఇంకో పోటీ. ఫ్రాన్సులో లె మాన్ అనే ఊళ్లో 1923లో మొదలైంది. ఒక్క చుట్టు 13 కిలోమీటర్ల పైమాటే. పగలూ రాత్రీ, ఎండా వానా, 24 గంటలు బండి ఆగకూడదు. 2018లో అక్కడ తన తరగతిలో వెర్న్ జట్టు మొదట చేరింది. తీరా చూస్తే ఇంధనం నింపే పరికరంలో నిబంధనలకు ఒప్పని భాగం ఉందని గెలుపు రద్దు చేశారు. రోజంతా పడ్డ కష్టం ఒక్క కాగితంతో పోయింది! అయినా మానలేదు. ప్యుగో వాళ్ల కొత్త కారుతో 2022 జులైలో ఇటలీలోని మోంజాలో బరిలోకి దిగాడు. ఏడాది తిరిగేసరికి అదే మోంజాలో ఆయన కారు మూడో స్థానంలో వచ్చింది.

ఈ రేసు మగవాళ్లదే అనుకోకండి. 1932లోనే ఒడెట్ సికో అనే ఫ్రెంచి మహిళ లె మాన్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

"రోజంతా ఒక్కడే ఎట్లా నడుపుతాడ్రా?" అనడిగాను మా అబ్బాయిని.

"ఒక్కడు కాదమ్మా, ఒక్కో కారుకు ముగ్గురు. ఏ ఆరు గంటల్లోనూ ఒకరు నాలుగు గంటలకు మించి నడపకూడదు. మొత్తమ్మీద పద్నాలుగు గంటలు దాటకూడదు. అలిసిపోయినోడి చేతికి స్టీరింగిస్తే అందరికీ ప్రమాదమే కదా!"

ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఆ ఏడాది వేసవిలో మా అత్తమ్మ జారిపడి తుంటి విరిగింది. మూడు నెలలు మంచం మీదే. రాత్రిళ్లు నీళ్లివ్వడం, పక్క తిప్పడం, తెల్లారితే వంట, క్యారేజీలు, వచ్చిపోయేవాళ్లకు కాఫీలు... అన్నీ నేనే. అడిగితే చిన్నతనమనుకున్నాను. ఒకరోజు రాత్రి మాత్రలు ఒకటికి బదులు ఇంకొకటి చేతిలో పెట్టాను. అత్తమ్మే రంగు చూసి పట్టుకుంది. "ఏం పాపా, నువ్వు రెప్పేసి ఎన్ని దినాలైందే?" అంది. నాకు ఏడుపాగలేదు.

మర్నాడు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఆ లె మాన్ లెక్కే చెప్పాను. రాత్రి పది నుంచి రెండు దాకా మా వారు. రెండు నుంచి తెల్లారేదాకా నేను. ఆదివారాలు మా తోడికోడలు. మొదటి వారం మా వారు కుర్చీలోనే గురక పెట్టారు. అత్తమ్మే కేకేసి లేపింది! రెండో వారానికి అలవాటు పడ్డారు. మాత్రల రంగులు నాకన్నా ఆయనకే బాగా తెలిశాయి.

ఆ తర్వాత హైదరాబాదులో ఆ కార్లు మళ్లీ పరుగు పెట్టలేదు. 2024లో జరగాల్సిన పోటీ రద్దయింది. మా అబ్బాయి చాలా దిగులుపడ్డాడు. నాకు మాత్రం ఆ ఒక్క రేసూ చాలు.

సంసారమనే బండికి కూడా రాత్రీ పగలూ ఆగడం ఉండదు. మీ ఇంట్లో స్టీరింగ్ ఎన్ని గంటల నుంచి మీ చేతిలోనే ఉంది? ఒక్కసారి లెక్క చూసుకోండి.