పట్టాదారు పరదేశంలో.. కౌలుదారు పొలంలో

కీసర, శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల ఏ ఊరికైనా పోయి 'ఈ చెలక ఎవరిది?' అని అడగండి. 'పట్టాదారు అమెరికాల ఉంటడు. మనోడు కౌలుకు చేస్తుండు' అనే జవాబు తరచూ వినిపిస్తుంది. అమెరికా కాకపోతే ఆస్ట్రేలియా, అదీ కాకపోతే దుబాయ్.

ఒకప్పుడు ఈ నేలలు ద్రాక్షతోటలకు పేరు. తర్వాత బోర్ల కింద వరి, టమాట, బెండ, ఆకుకూరలు పండించి బోయినపల్లి మార్కెట్‌కు తోలుతూ వచ్చారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊళ్ల పక్క నుంచి పోయాక భూమి ధరకు రెక్కలొచ్చాయి. పట్నంలో కొలువు చేస్తూ ఎకరమో రెండెకరాలో కొనుక్కుని తర్వాత విదేశం పోయినవాళ్లున్నారు. తండ్రి పోయాక వాటా దక్కిన కొడుకులున్నారు. ఆ భూమిని పడావు పెట్టకుండా దున్నుతున్నది మాత్రం సొంతానికి ఎకరం, అరెకరం ఉన్న చిన్న రైతే.

ఇందులో తప్పేమీ లేదు. భూమి పండుతుంది, ఇద్దరికీ నాలుగు రూపాయలు వస్తాయి. చిక్కల్లా ఒక్కటే. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఆ మాట ఇచ్చేది కూడా పట్టాదారు కాదు, ఆయన బావమరిదో, తోట కాడ కాపలా ఉండే మనిషో. నాట్లేసిన రెండో నెలలో 'భూమి అమ్ముడు పోయింది, ఖాళీ చెయ్యి' అంటే కౌలుదారు ఎవరి గడప తొక్కాలి? అందుకే పొలంలో నాగలి పెట్టేముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

భూమి ఆయన చేతికి ఎట్లా వచ్చింది?

విదేశాల్లో స్థిరపడినవాళ్లు ఇక్కడ ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనుక్కోవచ్చు, కిరాయికి ఇచ్చుకోవచ్చు. దీనికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. సాగుభూమి సంగతి వేరు. 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే 'ఫెమా', దాని కింద 2019లో వచ్చిన నియమాల ప్రకారం ఎన్నారైలు గానీ ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌసు కొనకూడదు. దానంగా కూడా పుచ్చుకోకూడదు.

మరి ఇన్ని ఎకరాలు వాళ్ల పేరున ఎట్లా ఉన్నాయంటారా? రెండు దారుల్లో ఉండొచ్చు. ఒకటి, ఇక్కడ నివాసం ఉన్నప్పుడే కొని తర్వాత విదేశం పోవడం. అట్లా కొన్న భూమిని ఉంచుకోవచ్చు. రెండోది, వారసత్వంగా రావడం. ఈ రెండు దారుల్లో వచ్చిన భూమిని కౌలుకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయితే సాగుభూమిని మన దేశంలో నివాసం ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. ఇంకో ఎన్నారైకి అమ్మడానికి వీల్లేదు.

పేరు అడిగితే ఇవ్వొద్దు

ఇక్కడే చిన్న రైతుకు ఒక ముప్పు పొంచి ఉంది. 'పైసలు మావి, పేరు నీది. నీ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకో, నువ్వే దున్నుకో, మేం వచ్చినప్పుడు చూసుకుందాం' అని ఎవరైనా అంటే ఆశపడొద్దు. ఇది బినామీ వ్యవహారం. 2016లో సవరించిన బినామీ చట్టం కింద ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, భూమి మార్కెట్ విలువలో నాలుగో వంతు దాకా జరిమానా పడొచ్చు. భూమిని సర్కారు స్వాధీనం చేసుకుంటుంది. పైసలు పంపిన ఆయన అక్కడే ఉంటాడు. కాగితం మీద పేరున్న మనిషి ఇక్కడ దొరుకుతాడు.

కొడుకు విదేశంలో ఉన్న రైతులకు

మన ఇండ్లలోనూ పిల్లలు విదేశాలు పోతున్నారు. 'నేను బతికుండగానే రెండెకరాలు కొడుకు పేరున పెడత' అని గిఫ్ట్ డీడ్ రాయించాలనుకునే తండ్రులు ఒక్కక్షణం ఆగాలి. కొడుకు అప్పటికే ఎన్నారై అయితే సాగుభూమిని అతనికి గిఫ్టుగా ఇవ్వడం కుదరదు. వీలునామా రాయొచ్చు. తండ్రి తదనంతరం వారసత్వంగా ఆ భూమి అతనికి నిక్షేపంగా దక్కుతుంది. ఫెమాను మీరితే లావాదేవీ సొమ్ముకు మూడింతల దాకా జరిమానా ఉంటుంది. డీడ్ రాయించే ముందే వకీలును అడిగితే మంచిది.

మాట ఎవరితో?

కౌలు మాట్లాడేది పట్టాదారుతోనే. ఫోన్లో, వీలైతే ముఖం కనిపించేలా వీడియోలో మాట్లాడండి. సర్వే నంబరు, ఎకరాలు, కౌలు ధర, ఎన్ని పంటలు అన్నది ఆయన నోట వినండి. ఆ తర్వాత అదే సంగతి వాట్సాప్‌లో రాసి పంపమని అడగండి. ఆ సందేశాన్ని చెరిపేయొద్దు.

నడుమ మనిషి 'నా దగ్గర పవర్ ఉంది' అంటే ఆ కాగితం చూపించమనాలి. పవర్ ఆఫ్ అటార్నీలో చూడాల్సినవి ఇవి:

భూమిని కౌలుకు ఇచ్చే అధికారం అందులో రాసి ఉందా? కొన్నింట్లో కోర్టు పనులు, పాసుపుస్తకం పనుల వరకే అధికారం ఉంటుంది.

విదేశంలో సంతకం చేసిందైతే అక్కడి మన రాయబార కార్యాలయంలోనో, నోటరీ దగ్గరో ధ్రువీకరణ జరిగిందా? ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టారా?

రాసిచ్చిన మనిషి బతికే ఉన్నాడా? సాధారణంగా ఆయన చనిపోయిన రోజే ఆ పవర్ కూడా పోతుంది.

ఇంకో మాట. 'జీపీఏ మీద భూమి అమ్ముత, తక్కువకే ఇస్త' అని వచ్చేవాళ్లూ ఉంటారు. కేవలం జీపీఏ చేతికిస్తే భూమి మీద యాజమాన్యం రాదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కొంటే రిజిస్టర్డ్ సేల్‌డీడ్ ద్వారానే కొనాలి. అమ్మేవాడు ఎన్నారై అయితే ఆదాయపు పన్ను కోత బాధ్యత కొనేవాడి మీద పడొచ్చు. పట్నం దగ్గరి భూములకు ఇది ముఖ్యం కాబట్టి బయానా ఇచ్చేముందే ఆడిటర్‌ను కలవాలి.

కాగితమంటే భయమెందుకు?

'కాగితం రాస్తే భూమి పోతుంది' అని పట్టాదారులు జంకుతారు. ఈ భయానికి పాత కారణం ఉంది. 1950లో నాటి హైదరాబాద్ రాష్ట్రంలో కౌలుదారీ చట్టం వచ్చింది. దాని కింద రక్షిత కౌలుదార్లుగా నమోదైనవాళ్లకు తర్వాత 38-ఇ సర్టిఫికెట్లతో భూమి మీద హక్కులు దక్కాయి. ఆ సంగతి తాతల నాటి నుంచి ఇండ్లలో చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ భయం పోగొట్టడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి, దానితో బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అందాలి, ఆ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదు అని అందులోనే స్పష్టంగా రాశారు. మన దగ్గర కార్డుల జారీ రానురాను నామమాత్రమైంది.

రికార్డులోనూ కౌలుదారు కనబడకుండా పోయాడు. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కనే అనుభవదారు కాలమ్ ఉండేది. 2020 అక్టోబరు 29న మన మూడుచింతలపల్లిలోనే ధరణిని ప్రారంభించారు. ఆ రికార్డులో అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

సర్కారు సాయమూ అంతే. 2018లో మొదలైన రైతుబంధు గానీ, 2025 జనవరి 26న పంటకు ఎకరాకు 6 వేల రూపాయల లెక్కన మొదలైన రైతుభరోసా గానీ పట్టాదారు ఖాతాలోకే చేరాయి. 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చేలా 2018లో తెచ్చిన రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్ల కోసమే. సొంతంగా గుంట భూమి లేని కౌలుదారు చనిపోతే ఆ ఇంటికి అది రాదు.

అందుకే కౌలు ధర మాట్లాడేటప్పుడే ఈ మాట కూడా తేల్చుకోవాలి. 'సర్కారు పైసలు మీకు వస్తున్నయి, పెట్టుబడి నేను పెడుతున్న. కౌల్ల కొంత తగ్గించండి' అని అడగడంలో తప్పులేదు. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అడగకపోతే ఎన్నడూ రాదు.

మాట తప్పితే ఎంత మునుగుతాం?

ఒక లెక్క వేసి చూద్దాం. రెండెకరాలు కౌలుకు తీసుకున్నారనుకోండి. ఎకరాకు 15 వేల చొప్పున కౌలు 30 వేలు. దున్నకం, విత్తనం, ఎరువు, కూళ్లు కలిపి ఎకరాకు 40 వేల చొప్పున 80 వేలు. మొత్తం లక్షా 10 వేలు. ఇది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే ఆరు నెలలకు వడ్డీ 13,200. అంతా కలిపి 1,23,200 రూపాయలు.

పంట చేతికి రాకముందే భూమి అమ్ముడుపోయి, పెద్దమనుషుల ముందు 'కౌలు వాపస్ ఇస్తం' అని 30 వేలు చేతిలో పెడితే? ఇంకా 93,200 నెత్తిన ఉంటుంది. కౌలు వాపస్ ఇచ్చినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. ఈ ఒక్క షరతు కోసమైనా కాగితం రాసుకోవాలి.

కాగితంలో ఏమేం రాయాలి?

పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఇట్లా రాసుకుంటే సరిపోతుంది:

'ఫలానా ఊరి శివారులో, ఫలానా సర్వే నంబరులోని ఇన్ని ఎకరాల ఇన్ని గుంటల నా పట్టా భూమిని ఫలానా రైతుకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సాగుకు ఇచ్చాను. కౌలు మొత్తం ఇంత. ఇందులో ఇంత ముట్టింది, మిగిలింది పంట వచ్చాక ముట్టాలి. బోరు, మోటారు వాడుకోవచ్చు. మోటారు కాలితే బాగుచేయించే ఖర్చు ఫలానావారిది. భూమిని నడుమ అమ్మినా వేసిన పంట కోసుకునేదాకా కౌలుదారును కదిలించరాదు. కదిలిస్తే కౌలుతోపాటు పెట్టుబడి మొత్తం చెల్లించాలి. బ్యాంకు అప్పు కోసం, పంట నమోదు కోసం, ధాన్యం అమ్మకం కోసం కౌలుదారు ఈ కాగితం చూపించుకోవచ్చు. దీనివల్ల కౌలుదారుకు భూమి మీద యాజమాన్య హక్కు రాదు.'

కింద ఇద్దరి సంతకాలు, ఊరివాళ్లు ఇద్దరి సాక్షి సంతకాలు ఉండాలి. విదేశంలో ఉన్న పట్టాదారు సంతకం చేసిన కాగితాన్ని ఫోన్లో పంపి, అసలు కాగితం పోస్టులో పంపొచ్చు. ఏడాదికి మించిన కౌలైతే రిజిస్ట్రేషన్ చేయించాలి. 1950 నాటి చట్టంలో ఇంకా కొన్ని ముడులున్నాయి. అందుకే పెద్ద కమతమైతే ఒకసారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం.

పైసలు చేతికివ్వొద్దు

కౌలు సొమ్ము నడుమ మనిషి చేతిలో పోయొద్దు. ఎన్నారైలకు ఇక్కడి బ్యాంకుల్లో 'ఎన్‌ఆర్‌ఓ' ఖాతా ఉంటుంది. ఇక్కడి కిరాయిలు, కౌళ్లు అందులో వేసుకోవచ్చు. 'బ్యాంకుల వేస్తే పన్ను పడుతది' అని ఎవరైనా అంటే నమ్మొద్దు. సాగుచేసే భూమి మీద వచ్చే కౌలు మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. దాని మీద మన దేశంలో పన్ను లేదు. బ్యాంకు రశీదే రేపు మీ సాక్షి.

అప్పు పుడుతుందా?

పట్టా లేకున్నా పుట్టే దారులున్నాయి. కిసాన్ క్రెడిట్ కార్డు పథకం కౌలుదార్లకు, నోటిమాట కౌలు చేసేవాళ్లకు, పాలుకు చేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. బ్యాంకులో ఈ మాట గట్టిగా అడగండి. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి 'ఉమ్మడి బాధ్యత సంఘం' పెట్టుకుంటే ఒకరికొకరు పూచీగా అప్పు ఇచ్చే పద్ధతిని నాబార్డు తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి వ్యవసాయ అప్పుల్లో 2 లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అడిగిన వెంటనే అన్ని చోట్లా ఇస్తారని కాదు. చేతిలో కౌలు కాగితం ఉన్నవాడి మాట మాత్రం మేనేజరు ముందు చెల్లుతుంది.

వ్యవసాయ విస్తరణ అధికారి పంటల నమోదుకు వచ్చినప్పుడు పొలంలో ఉండండి. సాగు చేస్తున్నది మీరేనని చెప్పి రాయించండి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో డబ్బు ఎవరి ఖాతాలో పడాలో కోతలకు ముందే తేల్చుకోండి. పట్టాదారు ఖాతాలో పడితే సముద్రాల అవతలి నుంచి అది మన చేతికి వచ్చేసరికి అప్పులోడు గుమ్మంలో కూర్చుంటాడు.

మిరుగు రాకముందే ఈ పనులన్నీ ముగించుకోవాలి. విత్తనం పడ్డాక కాగితం అడిగితే 'ఇప్పుడెందుకు, చూద్దాం తీ' అంటారు. దుక్కి దున్నకముందు అడిగితే, పొలం పడావు పడుతుందన్న భయం వాళ్లకూ ఉంటుంది కాబట్టి రాసిస్తారు.