పాత రేకు దింపేటప్పుడు

విజయవాడ కొండలమీది ఇళ్లకూ, కృష్ణా డెల్టా పల్లెల్లోని పశువుల కొట్టాలకూ బూడిదరంగు సిమెంటు రేకులు మీరు చూసే ఉంటారు. తాటాకుకు నిప్పురవ్వ చాలు. ఈ రేకు అంటుకోదు, దీనికి చెద పట్టదు. సిమెంటులో కలిపిన రాతినార దీనికి బలం. దాన్నే ఆస్బెస్టాస్ అంటారు. పేరుకు నార, నిజానికి రాయే! కడప జిల్లా పులివెందుల దగ్గర దీన్ని తవ్వి తీసేవారు.

ఇప్పుడు చాలామంది ఈ రేకులు తీసేసి డాబా వేసుకుంటున్నారు. చిక్కు అక్కడే ఉంది. రేకు గట్టిగా ఉన్నంతకాలం సిమెంటు ఆ నారను పట్టి ఉంచుతుంది. సుత్తితో కొట్టినా, రంపంతో కోసినా నారపోగులు దుమ్ముతోపాటు లేస్తాయి. వెంట్రుకకన్న ఎన్నోరెట్లు సన్నం కనుక కంటికి కనిపించవు. ఊపిరితిత్తుల్లో చేరిన పోగును మన శరీరకణాలు కరిగించలేవు. 20, 30 ఏళ్ల తర్వాత అది కాన్సరుగా బయటపడవచ్చు.

అమెరికాలో ఇళ్ల లోకప్పులకు గరుకుపూత చల్లేవారు. చాలా పూతల్లో రాతినార ఉండేది. అలా చల్లడాన్ని 1978లో నిషేధించారు. ఆ పాతపూతను గీకే ముందు బాగా తడుపుతారు, తడిసిన దుమ్ము ఎగరదు కదా! మన రేకుకూ అదే ఉపాయం. పని తెలిసినవాళ్లు నీళ్లు చల్లి, కొక్కేలు విప్పి, పగలకుండా దింపాలి. పిల్లలు దూరంగా ఉండాలి. ముక్కుకు కట్టిన రుమాలు ఈ పోగులను ఆపలేదు. రాలిన ముక్కలను పొడి చీపురుతో ఊడవకూడదు. వాటిని రోడ్డు గుంతల్లో పోయడం మరీ ప్రమాదం. బండిచక్రాల కింద అవి రోజూ పొడి అవుతూనే ఉంటాయి.