కొవ్వాడ రియాక్టర్‌కు జార్జియాలో అన్న!

అట్లాంటాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన సిక్కోలు వాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో! శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామంటున్న ఆరు రియాక్టర్ల రకం జార్జియాలో ఇప్పటికే నడుస్తోంది. వోగ్టిల్ కేంద్రంలో వెస్టింగ్‌హౌస్ వారి ఏపీ-1000 రియాక్టర్లు 2023 జులైలో ఒకటి, 2024 ఏప్రిల్‌లో మరొకటి పూర్తిస్థాయిలో పనిలోకి దిగాయి. (ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదండోయ్... అడ్వాన్స్‌డ్ పాసివ్!)

ఈ డిజైన్‌కు అనుమతి ఊరికే రాలేదు. అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్‌కు సలహాలిచ్చే నిపుణుల కమిటీ ఒకటుంది. 1957లో చట్టబద్ధమైంది, సభ్యులు 15 మందికి మించరు. కమిషన్ సిబ్బంది సరేనన్నా వీళ్లు మళ్లీ గుచ్చిగుచ్చి అడుగుతారు. చాలా సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. కరెంటు పోయినా, ఎవరూ చెయ్యి పెట్టకపోయినా మూడు రోజులు రియాక్టర్ తనంతట తానే చల్లబడుతుందన్నది కంపెనీ మాట. దాన్ని వీళ్లూ పరిశీలించాకే, 2011 డిసెంబరులో సవరించిన డిజైన్‌కు ముద్ర పడింది.

ఇక దేశాల మధ్య వ్యవహారం. 2008 సెప్టెంబరు 6న వియన్నాలో 45 దేశాల అణు సరఫరాదారుల బృందం తలూపాకే ఇండియాకు దారి తెరుచుకుంది. అక్కడ ఓటింగు లేదు. ఒక్కరు కాదన్నా ఆగిపోయేదే. అక్టోబరు 10న వాషింగ్టన్‌లో ప్రణబ్ ముఖర్జీ, కండోలీజా రైస్ సంతకాలు చేశారు.

అయితే అమెరికా కమిటీ చూసింది డిజైన్ వరకే. కొవ్వాడ తీరాన్ని, తుపాన్లను, భూకంపాల ముప్పును తేల్చాల్సింది మన అణుశక్తి నియంత్రణ మండలి. ఊళ్లు వదలాల్సిన మత్స్యకారులకు జవాబు చెప్పాల్సింది మాత్రం ఢిల్లీ, అమరావతే.