మామిడి తోపులో పందులు, కాయ దించాక

కృష్ణగిరి జిల్లాలో మామిడి కోతలయ్యేసరికి తోపుల్లో చెట్ల కింద బోలెడు కాయ మిగిలిపోతుంది. గాలివానకు రాలింది, పండు ఈగ పొడిచింది, గుజ్జు ఫ్యాక్టరీకి పనికిరాని తోతాపురి, అంతా కుళ్లిపోతుంది. మరోపక్క పందులు పెంచేవాళ్ల ఖర్చులో సుమారు 70 శాతం మేతకే పోతుంది. అందుకే ఊళ్లో నలుగురు కలిసి తొలిసారి పందులు పెంచాలనుకుంటే వాళ్ల చూపు తోపు మీద పడటం సహజం. ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్ ఓల్డ్ స్పాట్స్ అనే జాతికి తోట పంది అన్న పేరే ఉంది. ఆపిల్ చెట్ల కింద రాలిన పళ్లు తిని పెరిగిన జాతి అది. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. అయితే ఇక్కడ పందిని తోపులోకి వదలాల్సింది కాయ రాలే రోజుల్లో కాదు, కాయంతా దించేశాక.

ఎందుకంటే, మలేసియాలో జరిగింది మన కళ్లముందుంది. 1998లో ఈపో నగరం దగ్గరి పందుల ఫారాల్లో ఒక కొత్త జబ్బు పుట్టింది. అదే నిపా. మొదట సోకిన ఫారంలో దొడ్ల పక్కనే మామిడి చెట్లుండేవి. గబ్బిలాలు కొరికి వదిలిన పళ్లు పందులు తినడంతో వాటికి సోకిందనీ, వాటి నుంచి పనివాళ్లకు పాకిందనీ పరిశోధకులు తేల్చారు. మరుసటి ఏడు జబ్బు అణిగేలోపు వందమందికి పైగా చనిపోయారు. సుమారు 10 లక్షల పందులను చంపేయాల్సి వచ్చింది. ఆ ఫారం వాళ్లు చేసిందల్లా ఒకే నేల మీద రెండు ఆదాయాలు కలపడమే. మనం తలపెట్టేదీ అదే కదా. కేరళలో 2018 నుంచి నిపా మళ్లీ మళ్లీ బయటపడింది. అక్కడ పందులకు సంబంధం లేదు గానీ, పళ్లు తినే గబ్బిలాలు మన తోపులకూ వస్తాయి. ఎప్పుడో వచ్చే ముప్పుకు ఇంత జాగ్రత్తా అని అడగొచ్చు. అరుదే, నిజం. కానీ తప్పించుకోవడానికి కావలసింది కొన్ని నెలల ఎడం, కప్పున్న ఒక దొడ్డి. అది పెద్ద ఖర్చు కాదు.

అలాగని రాలుకాయ వదులుకోనక్కర్లేదు. పొద్దున్నే ఏరి, కొరుకుడు పడ్డవి గోతిలో పూడ్చి, మిగతావి ఉడకబెట్టి, చెట్లకు దూరంగా దొడ్లోనే పెట్టాలి. అందులో మాంసకృత్తులు తక్కువ, కాబట్టి తవుడు, చెక్క కలపక తప్పదు. ఏరడం తోపుకూ మేలే. పండు ఈగ పురుగు రాలిన కాయలోంచే నేలలోకి దిగుతుంది. ఆగస్టులో పందులను వదిలితే కలుపు తిని, నేల కదిపి, ఎరువు వేస్తాయి. పచ్చి పేడకూ కోతకూ మధ్య కనీసం 90 రోజులు, కాయ నేలకు తగిలేదైతే 120 రోజులు ఎడం ఉండాలని అమెరికా సేంద్రియ నిబంధనలు చెబుతాయి. ఆ లెక్కన, మే ఆఖరులో కోత మొదలయ్యే తోపులో జనవరి ఆఖరుకే పందులు బయటికి రావాలి. పూత మీద మందు కొట్టేదీ ఆ రోజుల్లోనే. మధ్యలో వేరే నెలల్లోనూ కాసే జామ, సపోటా ఉన్న తోటలకు మాత్రం ఈ లెక్క కుదరదు.

పంది వేళ్లు తవ్వేస్తుందన్న భయం సరైనదే. ఒకేచోట ఉంచితే, అందులోనూ వానల్లో, తవ్వేస్తుంది. అందుకే కంచె తరచూ జరపాలి, లేత అంట్ల దగ్గరికి రానివ్వకూడదు. అంతకంటే పెద్ద భయం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మన దేశంలోకి వచ్చింది; మనుషులకు సోకదు గానీ దొడ్డికి దొడ్డినే తుడిచిపెడుతుంది. 2023లో నీలగిరుల్లో ముదుమలై అడవిపందులకూ సోకింది. డెంకణికోట, అంచెట్టి అడవి అంచున తోపున్నవాళ్లు రెండు వరసల కంచె వేసుకోవాలి. హోసూరు హోటళ్ల మిగులు కూడుతోనూ ఈ జబ్బు రావచ్చు, కాబట్టి తొలి ఏడు దాన్ని ముట్టకపోవడమే మంచిది. తోపులో మరుగుదొడ్డి తప్పనిసరి. మనిషి మలం తిన్న పంది నుంచే బద్దెపురుగు మళ్లీ మనిషిలోకి వస్తుంది, దాని గుడ్లు కడుపులోకి చేరితే మెదడులో తిత్తులై మూర్ఛలు తెస్తాయి.

జాతీయ పశుసంపద మిషన్ 100 ఆడపందులు, 10 మగపందుల ఫారానికి 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల సబ్సిడీ ఇస్తుంది. స్వయం సహాయక సంఘాలూ అర్హులే. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. ముందు ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి. తరతరాలుగా పందులు పెంచిన ఎరుకలవాళ్లను కూలికి కాదు, వాటాదారులుగా కలుపుకోవాలి. ఆగస్టులో పాలు మరిచిన పిల్లలు ఆరు కొంటే, జనవరి ఆఖరుకు చాలావరకు అమ్మకానికొస్తాయి. ఆ విడతకు మామిడికాయ రుచే తెలియదు. రాలుకాయ ఉడికించే పని రెండో విడతకు ఉంచుకోవచ్చు.