సూచీ చెప్పునది, చెప్పనిది

విజయవాడయందు ప్రకాశము బ్యారేజీవద్ద నీటిమట్ట మెంతయని విచారింపని రైతు కృష్ణా డెల్టాలో నుండడు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో అచ్చట 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదయ్యెను. ఆ లెక్క నిజమే. కాని నగరమందలి సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినది కృష్ణ కాదు, గండ్లుపడిన బుడమేరు. కొలత సత్యమైనను, అది తాను కొలుచుదానిని గూర్చియే చెప్పును గాని మన గుమ్మమును గూర్చి చెప్పదు. షేర్ల బజారు సూచీల విషయమై రైతులు మొదట గ్రహింపవలసినది యిదియే.

ధాన్యము సొమ్ము చేతికి వచ్చినపుడో, పొలము విక్రయించినపుడో, "సెన్సెక్సు పెరిగినదట" యను మాట విని పెట్టుబడికి పూనుకొనువారు మన గ్రామములందును కలరు. కావున ఈ లెక్కల స్వభావమును తెలిసికొనుట అవసరము.

సూచీ యనగా కొన్ని పెద్ద కంపెనీల షేర్ల విలువలను కూర్చి కట్టిన సగటు. సెన్సెక్సులో 30 కంపెనీలు గలవు. 1978-79 నాటి విలువను 100గా నెంచి, 1986 నుండి దీనిని ప్రకటించుచున్నారు. నిఫ్టీలో 50 కంపెనీలు గలవు. దీనికి 1995 నవంబరు 3వ తేదీ విలువ 1000. గ్రామపు సగటు దిగుబడిలో అరయెకరము కంటె పదియెకరముల కమతము ఎక్కువ లెక్కకు వచ్చినట్లే, సూచీలో పెద్ద కంపెనీకి ఎక్కువ తూకము.

రాబడి కొలత సులభము. సూచీ 1000 నుండి 1100 అయినచో నూటికి పది పెరిగినట్లు. అయితే కంపెనీలు పంచు డివిడెండు ఇందులో చేరదు. దానిని చేర్చిన లెక్క వేరుగా నుండును. ఎరువులు, కూలిరేట్లు ఆ యేడే నూటికి ఆరు పెరిగినచో, నిజముగా మిగిలినది రమారమి నాలుగే.

నష్టభయమును కొలుచుటకు ఒడుదుడుకులను చూడవలెను. రెండు చేలు మూడేండ్లలో సగటున ఎకరమునకు ముప్పది బస్తాలే పండినవనుకొందము. ఒకటి 29, 30, 31 పండెను. రెండవది 45, 10, 35 పండెను. సగటు ఒక్కటే. కాని పది బస్తాల యేడు వాయిదా చెల్లింపవలసిన రైతు గతి యేమి? సెన్సెక్సు 2008 జనవరి 8న 20,873 వద్ద ముగిసి, 2009 మార్చి 9 నాటికి 8,160కి దిగెను. నూరు రూపాయలు ముప్పదితొమ్మిది యైనవి. 2010 నవంబరు నాటికి మరల పూర్వపు మట్టమునకు చేరినమాట నిజమే. కాని నడుమ అప్పు గడువు వచ్చినవాడు అంతకాలము వేచియుండజాలడు.

భయమును కొలుచు సూచీయు నొకటి కలదు. దానిపేరు ఇండియా విక్సు. 2008 నుండి ప్రకటింపబడుచున్నది. తుపాను వార్త పుట్టినపుడు కుప్పలపై కప్పు బరకముల ధర యెట్లు పెరుగునో, బజారు పడునను భయము పుట్టినపుడు నష్టమునుండి కాపాడు 'ఆప్షను' ఒప్పందముల వెలయు నట్లే పెరుగును. ఆ వెలలనుబట్టి, రాబోవు 30 దినములలో నిఫ్టీ యెంత ఊగునని వర్తకులు తలచుచున్నారో విక్సు తెలుపును. అది 20 ఉన్నచో, నెలలో ఎగువకో దిగువకో నూటికి ఆరుపాళ్ళ మేర కదలవచ్చునని వారి అంచనా. 2020 మార్చిలో కరోనా భయమున అది 80 దాటెను. ఎంత ఊగునో చెప్పునేగాని, యేవైపునకో చెప్పదు.

ఇక సూచీ చెప్పనిదానికి మన తెలుగువారెరిగిన నిదర్శనము హైదరాబాదు సత్యం కంప్యూటర్సు. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు, లేని సొమ్మును ఉన్నట్లు లెక్కలలో చూపితినని లేఖలో ఒప్పుకొనెను. ఆనాడు సెన్సెక్సు నూటికి ఏడు పాళ్ళు పడెను. సత్యం షేరు రమారమి 179 రూపాయలనుండి 40కి పడెను. కొలది దినములలోనే సూచీనుండి సత్యమును తొలగించి మరియొక కంపెనీని చేర్చిరి. సూచీ తన చేనిలోని చీడమొక్కను పెరికి వేరొకటి నాటుకొనెను. ఆ యొక్క షేరునే నమ్మినవాని చేను మాత్రము ఎండియే పోయెను.

కావున సభ్యులారా, సూచీ పెరిగినదని విన్నపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నేను కొనునది సూచీలోని కంపెనీలన్నిటిలో భాగమా, ఒక్క కంపెనీ షేరా? సొమ్ము సగమునకు దిగినను కొన్నియేండ్లు తాళగలనా? ఈ సొమ్ము రాబోవు సార్వా విత్తనములకు, కౌలుకు, వాయిదాకు కావలసినది కాదుగదా? మూడవదానికి తృప్తికరమైన సమాధానము లేనిచో, సూచీ యెంత యెత్తున నున్నను ఆ సొమ్మును బజారునకు పంపరాదు. కాలువలో నీరు నిండుగా పారుచున్నదని విని, తన బోదె చూచుకొనక నారు పోయు రైతు లేడుగదా!